గది అడగడానికి నాలుగు హౌసా మాటలు

ఎడిటర్ గారికి,

నైజీరియా ఉత్తరాన కానో, కడునా వైపు వెళ్లేవాళ్లు ఇంగ్లిష్ ఉంటే చాలనుకుంటారు. పెద్ద హోటళ్లలో సరే, చిన్న బసల్లో మాత్రం అక్కడి భాష హౌసాలో నాలుగు మాటలు వస్తే పని ఎంత తేలికవుతుందో! బసను 'మసౌకీ' అంటారు, దిగడం అనే అర్థమున్న 'సౌకా' నుంచి వచ్చింది, మనమూ ఫలానా హోటల్లో దిగాం అంటాం కదా, అందుకే నాకు ఒక్కసారికే గుర్తుండిపోయింది. 'అక్వయ్ డాకీ?' అంటే గది ఉందా అని. గది లేకపోతే 'బాబు', అంటే లేదు అంటారు. 'వుటా' అంటే నిప్పు, కరెంటుకూ అదే మాట, కాబట్టి డబ్బు కట్టేముందే 'అక్వయ్ వుటా?' అని తప్పకుండా అడగండి. వేడినీళ్లు 'రువాన్ జాఫీ'. ధర అడగాలంటే 'నవా నే?'. యాత్రల పేజీలో హోటళ్ల ఫొటోలతో పాటు ఇలాంటి మాటలు కూడా వేయండి.

– ఒక పాఠకుడు