అంగన్‌వాడీ పిల్లల చిరుతిండి గురించి మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అమ్మా,

మా కోనసీమలోని రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు లారీల్లో ఒడిశా దాకా పోతున్నాయి. ఇక్కడ మూడేళ్ల పిల్లలు మాత్రం ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌తో అంగన్‌వాడీ కేంద్రానికి వస్తున్నారు. పది గంటలకు అది తిన్న బిడ్డ మధ్యాహ్నం అన్నం, గుడ్డు వదిలేస్తుంది. లాక్కుంటే ఏడుపు తప్ప ఫలితం ఉండదు.

పిల్లల్ని ఎంచుకోనివ్వాలి. "ఏం తింటావు?" అనకుండా "చక్కరకేళా, జామకాయా?" అనాలి. రెండూ మంచివే కాబట్టి ఏది అడిగినా మనకు సమ్మతమే. అరటిపండు పిల్లల ముందే ఒలవాలి. ముందుగా కోసి పెడితే నల్లబడుతుంది, ముట్టుకోరు. ఒక్కొక్కరికి సగం చాలు. జామకాయ దోరగా ఉంటే పలుచగా కోసి, గింజలు తీసి ఇవ్వాలి. కొత్త రుచిని మొదట ఉమ్మేస్తారు. బలవంతం చేయకుండా చిన్న ముక్క చొప్పున పది, పదిహేను సార్లు పెడితే చాలామంది అలవాటుపడతారు. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అన్నామా, బిడ్డ దృష్టిలో పండు శిక్ష, చాక్లెట్ బహుమతి అయిపోతాయి. తల్లులకు ముందుగా చెప్పాల్సింది ఇదే.

గుగ్గిళ్లకు శనగల కన్నా బొబ్బర్లు మేలు. రాత్రి నానబెట్టి, రెండు వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి. గట్టిగా మిగిలిన గింజ గొంతుకు అడ్డం పడుతుంది. ఈ వయసుకు వేరుశనగ గుళ్లు అలాగే పెట్టకూడదన్నదీ అందుకే. కొబ్బరి కోరు వడ్డించేటప్పుడే చల్లాలి. ముందే కలిపితే మన ఉక్కకు పులుస్తాయి. చలికాలంలో తేగలున్నాయి. ఉడికించి, పొట్టూ పీచూ తీసి, చిన్న ముక్కలు చేయాలి. లోపలుండే చందమామ అనే లేత చిగురు కోసం పిల్లలు పోటీ పడతారు!

పిల్లలు ఇలా తినాలంటే మీరు రెండు పనులు చేయాలి. మొదటిది, పండ్లకూ బొబ్బర్లకూ ఒక్కో అంగన్‌వాడీ కేంద్రానికి విడిగా నెలవారీ డబ్బు ఇచ్చి, ఊళ్లో రైతు దగ్గరే కొననివ్వండి. జిల్లా టెండర్‌లో వచ్చే పండు మెత్తబడి చేరితే పిల్లలు తినరు. రెండోది, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. ఆ దూరం అంగన్‌వాడీ గుమ్మాల నుంచి కూడా కొలిపించి, పంచాయతీ కార్యదర్శుల చేత అమలు చేయించండి.

ఇట్లు,
కోనసీమ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు