మార్చి తేదీతో ఏప్రిల్ బిల్లు

హన్మకొండ,
ఏప్రిల్ 6

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఏప్రిల్ 3న గోదాము దాటిన సరుకుకు మార్చి 31 తేదీతో బిల్లు ఎక్కించమని మీ మేనేజరు అడిగారన్నావు. "టార్గెట్ కోసం బాపూ, సరుకైతే నిజంగానే పోయింది కదా" అన్నావు గానీ, నీకది నచ్చలేదని నీ గొంతే చెప్పింది. ఎక్కించకు బిడ్డా.

ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణం గుమాస్తాగా నేను చూసిన మోసాలన్నీ కాంటా దగ్గర జరిగినవే. పత్తిలో తేమ 8 శాతం లోపుంటే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాకా ధర తగ్గించి కొంటుంది, అది దాటితే కొనదు. అక్కడ తిరస్కరించిన పత్తిని రైతు ఇంటికి మోసుకుపోలేడు, చివరికి వచ్చిన ధరకే అడ్తిలో అమ్ముకుంటాడు. అలాంటి రైతుకు తరుగు పేరుతో ఇంకో రెండు కిలోలు కోసిన దుకాణాలు నాకు తెలుసు. అయినా కోసేవాడికి ఎదురుగా రైతు నిలబడి ఉండేవాడు. తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ చేతిలోకి తీసుకుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఆ ముఖం చూసి చెయ్యి ఆపుకున్న గుమాస్తాలు కూడా ఉన్నారు.

నీ కంప్యూటర్ ముందు అట్లా ఎవరూ నిలబడరు. నాకున్న భయమల్లా అదే. నువ్వు ఎక్కించిన లెక్కలు నమ్మి బ్యాంకు మీ కంపెనీకి అప్పిస్తుంది, ఎవరో రిటైరైన టీచరు షేర్లు కొంటాడు. వాళ్లెవరూ నీకు కనిపించరు కాబట్టి "మూడు రోజుల తేడానే కదా" అనిపిస్తుంది. పైగా ఏప్రిల్ అమ్మకం మార్చిలో కలిసిపోతే కొత్త ఆర్థిక సంవత్సరం లోటుతోనే మొదలవుతుంది. ఆ లోటు పూడ్చడానికి వచ్చే మార్చిలో ఇంకా పెద్ద బిల్లు వెనక్కి జరపమంటారు.

సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తుందా? 2009 జనవరి 7న ఆ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలోనే ఉంది, మొదట్లో చిన్నదిగా ఉన్న తేడా ఏటేటా పెరుగుతూ పోయిందని. చివరికి పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది. అందులో చైర్మన్, ఆడిటర్లే కాదు, ఫైనాన్స్ విభాగం ఉద్యోగులు కూడా ఉన్నారు. ఆ కేసులో వేల దొంగ బిల్లులు బయటపడ్డాయి. వాటిలో ప్రతి బిల్లూ ఎవరో ఒకరు కూర్చుని తయారు చేసిందే కదా.

నీకు తెలిసిన విషయమే అయినా మళ్లీ చెప్తున్నాను. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. రేపు ఎవరైనా అడిగితే అందులో కనపడేది నీ లాగిన్. మేనేజరు నోటితో చెప్పిన మాట ఎక్కడా ఉండదు. లాగిన్, పాస్‌వర్డ్ కూడా ఎవరికీ ఇవ్వకు, "నేనే ఎక్కించుకుంటాలే" అన్నా సరే.

గొడవ పడమని నేను చెప్పడం లేదు. ఆయన మీదా పైనుంచి టెన్షన్ ఉండే ఉంటుంది. మర్యాదగానే మెయిల్ పెట్టు: "సార్, ఈ-వే బిల్లు, లారీ రసీదు రెండూ ఏప్రిల్ 3వి. మార్చి తేదీతో ఎక్కించాలంటే దయచేసి రాతపూర్వకంగా చెప్పండి." ఇలాంటి పనిని కాగితం మీద అడగమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే ఫైనాన్స్ హెడ్‌కు చెప్పు. మీది షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కాబట్టి, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఉద్యోగులు ఫిర్యాదు చేయడానికి ఒక ఏర్పాటు (vigil mechanism) తప్పకుండా ఉండాలి. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కే చెప్పుకోవచ్చు. ఆ పాలసీ మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఈ రాత్రే చదువు.

ఇంక్రిమెంట్ ఆగుతుందేమో, ఉద్యోగమే పోతుందేమో. పోదని నేను మాటివ్వలేను. కానీ మా గురించి మాత్రం ఆలోచించకు. ఇల్లు మనదే, పై పోర్షన్ కిరాయి వస్తోంది, మా ఇద్దరికీ అది సరిపోతుంది. "ఉద్యోగం మానేసి వచ్చినా సరే, రాత్రి నిద్ర పడితే చాలు నా బిడ్డకు" అని మీ అమ్మ పొద్దున్నుంచి అంటూనే ఉంది.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆ మెయిల్ పెట్టు. ఏం జవాబు వచ్చినా సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ బాపు