జనవరి 30న తలచుకోవలసిన చట్టం

సంపాదకులు గారికి,

నమస్కారాలు. జనవరి 30 అనగానే గాంధీజీ వర్ధంతి గుర్తుకు వస్తుంది. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1990లో అమల్లోకి వచ్చింది కూడా అదే తేదీన అన్న సంగతి మాత్రం సభల్లో గానీ పత్రికల్లో గానీ పెద్దగా ప్రస్తావనకు రాదు. రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు ఈ ఉపేక్ష బాధ కలిగిస్తున్నది.

ఈ చట్టం వెనుక తెలుగు నేల మీద చిందిన నెత్తురు ఉంది. 1985 జులైలో కారంచేడులో తాగునీటి చెరువును అగ్రకులం వారు పశువుల కుడితి బకెట్టుతో మురికి చేస్తుంటే ఒక దళిత యువకుడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త అనే దళిత మహిళ చేతిలోని బిందె ఎత్తి అడ్డు నిలిచింది. అంతమాత్రానికే మరునాడు, 17వ తేదీ ఉదయం, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి, మిగిలినవారు చీరాల చేరి తలదాచుకున్నారు. 1955 నాటి చట్టం అంటరానితనాన్ని శిక్షించగలిగిందే గాని, ఊరంతా ఒక్కటై పల్లెను మట్టుపెట్టే ఇలాంటి దాడులకు అది చాలదని తమిళనాడులోని కీళవెణ్మణి, బీహారులోని బెల్చి, మన కారంచేడు ఊచకోతలు వరుసగా రుజువు చేశాకే 1989లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ ఇందుకు చేసిన కృషిని మనం ఎన్నటికీ మరువరాదు.

చట్టం వచ్చిన ఏడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊళ్లోనే ఏర్పడింది గాని, తీర్పు 2007 దాకా రాలేదు. 21 మందికి పడిన యావజ్జీవ శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో సాధ్యమైనంతవరకు విచారణ ముగించాలన్న నియమం 2016లో అమల్లోకి వచ్చిన సవరణతో చేరిందంటే, అందుకు ఇలాంటి జాప్యాలే కారణమని నేను నమ్ముతున్నాను. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో సడలిన అరెస్టు నిబంధనలను పార్లమెంటు అదే ఏడాది 18ఏ సెక్షన్ ద్వారా మళ్లీ బిగించింది. కాబట్టి కాగితం మీద చట్టం గట్టిగానే ఉంది.

లోపమంతా అమలులో ఉంది. 15ఏ సెక్షన్ ప్రకారం, నిందితుడి బెయిలు విచారణతో సహా కోర్టులో జరిగే ప్రతి విచారణ గురించి బాధితులకు ముందుగా తెలియజేయాలి, వారి మాట వినాలి. సాక్షులకు బస్సు చార్జీలు, భోజన ఖర్చు, కనీస వేతనానికి తగ్గని రోజు భత్యం వెంటనే, లేదా మూడు రోజుల్లోగా, చెల్లించాలని నియమాలు చెబుతున్నాయి. ఒక కేసులో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన వ్యవసాయ కూలీ మహిళ కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చుని, వాయిదా పడిందని తెలిశాక, తిరుగు బస్సుకు పక్కవారిని ఇరవై రూపాయలు అడగడం చూశాను. మిరపకోతల రోజులవి, ఆమెకు ఆ రోజు కూలి పోయింది. భత్యం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇలా రెండు మూడు వాయిదాలు గడిచాక సాక్షి రాజీకి తలొగ్గితే, తప్పుడు కేసు పెట్టారని ఊళ్లో నింద వేయడం ఎంత అన్యాయం!

ప్రతి నెలా 30న గ్రామాల్లో జరపవలసిన పౌరహక్కుల దినోత్సవం ఈ వివరాలు చెప్పడానికి తగిన వేదిక. నేను చూసినంతలో అది పంచాయతీ కార్యాలయంలో ఫ్లెక్సీ కట్టి, ఫొటో తీసి, హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించడంతో ముగిసిపోతున్నది. ఆ సమావేశం ఎస్సీ కాలనీలోనే పెట్టాలి. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఉందా, శ్మశానానికి దారి ఉందా అని అక్కడివారినే అడగాలి. పెండింగు కేసుల స్థితి, చెల్లించవలసిన పరిహారం చదివి వినిపించాలి.

ఈ చట్టం అమలును పర్యవేక్షించే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకు ఒకసారైనా, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ జనవరి, జులై నెలల్లోనూ సమావేశం కావాలని నియమాలు విధించాయి. ఆ సమావేశాలు ఏ తేదీల్లో జరిగాయో, ఏ నిర్ణయాలు తీసుకున్నారో ఇరు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ జనవరి నుంచే బహిరంగపరచాలని, విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చూపిన అధికారులపై 4వ సెక్షన్ కింద తీసుకున్న చర్యలను కూడా వాటితో పాటే ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
బాపట్ల జిల్లా