రివార్డు కార్డు పేరుతో మాకు చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి

వేదాయపాళెం,
నెల్లూరు.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
క్రెడిట్ కార్డుల విభాగం.

విషయం: మీ ఏజెంటు తప్పుడు లెక్క చూపి ట్రావెల్ రివార్డు కార్డు అంటగట్టడం గురించి, వార్షిక ఫీజు వాపసు గురించి.

అయ్యా,

నేను నెల్లూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పిల్లకాయలిద్దరినీ, మా అత్తగారినీ తీసుకుని వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్లాలని మా ఆయనా నేనూ చాలాకాలంగా అనుకుంటున్నాం. ఏటా క్లాసులో సెల్యులార్ జైలు గురించి చెబుతుంటాను, దాన్ని మా పిల్లలకు కళ్లారా చూపించాలని నా కోరిక. మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఐదుగురికి రానూపోనూ విమాన టికెట్లంటే మాలాంటి జీతగాళ్లకు పెద్ద మొత్తమే. అందులో కొంతైనా, కార్డుతో ఖర్చు పెడితే వచ్చే పాయింట్ల మీద తగ్గించుకుందామనే మీ కార్డు తీసుకున్నాం.

మీ ఏజెంటు మా స్టాఫ్ రూముకు వచ్చి, ముందుగా మా ఇంటి ఖర్చులేమిటో అడిగాడు. పెద్దవాడి జూనియర్ కాలేజీ ఫీజు, పాప స్కూలు ఫీజు, పెట్రోలు, కరెంటు, గ్యాసు, ఇన్సూరెన్స్ ప్రీమియం, సరుకులు, బట్టలు అని ఒక్కొక్కటీ చెప్పాను. అవన్నీ కాగితం మీద రాసుకుని, నెలకు సగటున 30 వేలు, ఏడాదికి 3,60,000 అని కూడాడు. వందకు 4 పాయింట్లు, పాయింటుకు రూపాయి, కాబట్టి 14,400 రూపాయలు టికెట్లకు వస్తాయన్నాడు. 3 లక్షలు దాటితే వార్షిక ఫీజు కూడా ఉండదన్నాడు. ‘అన్ని ఖర్చులకూ పాయింట్లు’ అని వాట్సాప్‌లోనూ పెట్టాడు. ఆ కాగితం ఫొటో, ఆ మెసేజీ ఈ లేఖకు జత చేస్తున్నాను.

ఏడాది తిరిగేసరికి అతను వేసిన లెక్క ప్రకారమే ఖర్చు పెట్టాం. బిల్లు ఏ నెలా గడువు దాటనివ్వలేదు, ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. నెలకు 3 శాతం పైన వడ్డీ పడే చోట బాకీ ఉంచితే ఏ పాయింట్లూ దాన్ని పూడ్చలేవని మాకు తెలుసు. తీరా చూస్తే మా ఖాతాలో ఉన్నవి 3,760 పాయింట్లు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అప్పుడు చెప్పారు: ఫీజులకు, పెట్రోలుకు, కరెంటు, గ్యాసు బిల్లులకు, ఇన్సూరెన్స్‌కు పాయింట్లు రావట. మా 3,60,000లో ఇవే 2,66,000. మిగిలిన 94 వేలకే పాయింట్లు వేశారు. పైగా ఈ ఖర్చులు ఫీజు మాఫీకి కూడా లెక్కలోకి రావంటూ 2,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 450, మొత్తం 2,950 బిల్లులో వేశారు.

పాయింటుకు రూపాయి విలువ కూడా మీ సొంత పోర్టల్లో విమాన టికెట్ కొంటేనే. అక్కడ అదే రోజు అదే విమానానికి ఎయిర్‌లైన్స్ వాళ్ల సైటు కంటే మనిషికి 700 రూపాయలు ఎక్కువ చూపించింది. ఐదుగురికి 3,500. అంటే 3,760 పాయింట్లూ వాడితే మాకు మిగిలేది 260 రూపాయలు. బిల్లులో తగ్గించుకుందామంటే పాయింటు విలువ పావలాకు పడిపోతుంది. 940 రూపాయలు వస్తాయి, అందులో పాయింట్లు మార్చుకున్నందుకు రిడెంప్షన్ ఛార్జీ 99, దాని మీద జీఎస్టీ పోవాలి.

‘ఇవన్నీ షరతుల్లో ఉన్నాయి మేడమ్’ అని మీవాళ్లు అన్నారు. ఆ షరతుల పుస్తకం కార్డుతో పాటు వచ్చింది, కార్డు ఎంచుకునేటప్పుడు కాదు. అదీ పూర్తిగా ఇంగ్లీషులో, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో. షరతులు తేలిక భాషలో, వీలైతే స్థానిక భాషలోనూ ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. కార్డు ఇవ్వకముందు అసంపూర్ణమైన, తప్పుడు సమాచారంతో అమ్మకూడదని, ఏజెంట్ల పనికి బాధ్యత కార్డు ఇచ్చిన సంస్థదేనని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఏజెంటు మానేసి వెళ్లిపోయాడన్న జవాబు నాకు ఒప్పుదల కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏమిటంటే, మా ఖర్చులు ముందే అడిగి తెలుసుకుని మరీ ఇలా చేయడం. ఫీజులు, బిల్లులే ఎక్కువగా ఉన్న ఇంటికి ఈ కార్డు పనికిరాదని ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఆ మాట ఒక్కటి చెప్పి ఉంటే, వార్షిక ఫీజు లేకుండా కరెంటు బిల్లుకు, సరుకులకు నేరుగా క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు ఏదైనా చూసుకునేవాళ్లం. ఆ రోజు మా స్టాఫ్ రూములో ఇంకొందరు టీచర్లు కూడా ఇదే కార్డు తీసుకున్నారు. వాళ్ల ఖర్చులూ మా ఖర్చుల్లాంటివే.

నేను కోరేది: వార్షిక ఫీజు 2,950 వాపసు చేయండి. మీ ఏజెంటు రాసిచ్చిన లెక్కకు తగ్గిన 10,640 పాయింట్లు మా ఖాతాలో వేసి, వాటిని రూపాయి విలువకే వాడుకోనివ్వండి. ఏయే ఖర్చులకు పాయింట్లు రావో తెలుగులో ఒక పేజీలో రాసి, దరఖాస్తు మీద సంతకం పెట్టించకముందే చేతికివ్వండి. మా స్కూలుకు మాత్రం వెంటనే పంపండి.

పాయింట్ల సంగతి తేల్చాక కార్డు రద్దు చేయమని రాతపూర్వకంగా అడుగుతాను. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని నిబంధన ఉంది. ఈ లేఖ అందిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఇవే కాగితాలతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కార్డుదారు

జతపరిచినవి: ఏజెంటు రాసిన లెక్క ఫొటో, వాట్సాప్ మెసేజీ, ఏడాది బిల్లులు, పోర్టల్లోనూ ఎయిర్‌లైన్స్ సైటులోనూ చూపిన టికెట్ ధరల స్క్రీన్‌షాట్లు.