వేడి ఇంజిన్ దగ్గర నాతో నిలబడిన మీకు కృతజ్ఞతలు

వేడెక్కగానే ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యే మోటార్‌సైకిల్‌తో రోడ్డు పక్కన దిక్కుతోచక నిలబడి ఉన్న నన్ను చూసి, తమ ప్రయాణం ఆపుకుని వచ్చిన ఆ పెద్దమనిషికి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అప్పటికే నేను స్పార్క్ ప్లగ్ రెండుసార్లు మార్చాను, కార్బ్యురేటర్ కూడా శుభ్రం చేయించాను. మీరు మాత్రం ఏ భాగాన్నీ మార్చమనలేదు. బండి చల్లారకముందే, లోపం ఉన్న స్థితిలోనే పరీక్షించాలన్నారు. నిజానికి అసలు కిటుకు అదే. విప్పిన ప్లగ్ మొన పెట్రోలుతో తడిసి ఉండటం చూపించి, ఇంధనం అందుతోందని, దాన్ని మండించే నిప్పురవ్వే రావడం లేదని వివరించారు. ప్లగ్ రంధ్రం నుంచి వచ్చే ఆవిరికి దూరంగా, మరో ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి కిక్ కొట్టించారు. రవ్వ రాలేదు.

తర్వాత పల్సర్ కాయిల్ (రవ్వ ఎప్పుడు రావాలో సంకేతం పంపే చిన్న తీగచుట్ట) కనెక్టర్ ఊడదీసి, తీగల నిరోధాన్ని కొలిచే మల్టీమీటర్ పెడితే, వైరు తెగినట్టే చూపించింది. చల్లారాక అదే కాయిల్ మామూలు రీడింగ్ ఇచ్చింది. లోపల సన్నని రాగి తీగ ఎక్కడో విరిగి, వేడికి విడిపోతూ, చల్లబడ్డాక మళ్లీ తాకుతోందని, కాయిల్ నుంచి సంకేతం అందనప్పుడు సీడీఐ, అంటే ప్లగ్‌కు రవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె, రవ్వను పుట్టించలేకపోతుందని మీరు ఓపికగా చెప్పిన తీరు నాకింకా గుర్తుంది.

కాయిల్ మార్చాక బండి మళ్లీ ఆగలేదు. మీ పేరైనా అడగలేకపోయాను, మన్నించండి. మీకు హృదయపూర్వక ధన్యవాదాలు.