షాక్ అబ్జార్బర్ కింది బోల్టు గాలిలో బిగించొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

స్విఫ్ట్ లాంటి కార్లలో వెనక స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. ముందు చక్రాలకైతే స్ప్రింగును నొక్కిపట్టే పరికరం కావాలి, వెనక ఆ బెడద లేదు. అందుకే పానా పట్టడం వచ్చినవారు వెనక షాక్ అబ్జార్బర్లను ఇంటి దగ్గరే ఒక పూటలో మార్చుకోగలరు. అయితే రెండు పొరపాట్లు ప్రాణం మీదికో, కొత్త సామాను మీదికో తెస్తున్నాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు ఒక అపోహ. ‘వెనక ముగ్గురు కూర్చుంటే కారు కుంగుతోంది, షాకులు పోయాయి’ అంటుంటారు. బరువు మోసేది స్ప్రింగు. షాక్ పని ఊగును ఆపడం. వెనక మూలను గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే అది పోయినట్టే. నూనె దాని ఒంటి మీద ధారగా కారి మట్టి పట్టినా, టైరు మీద అరచేయి రాస్తే ఎత్తుపల్లాలు తగిలినా అదే లెక్క. రెండు వైపులా కలిపే మార్చాలి.

ముందు రోజు రాత్రే కింది బోల్టుకు తుప్పు వదిలించే నూనె కొట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బోల్టు బుష్ (షాక్ కింది కన్నంలో ఉండే రబ్బరు) లోపలి ఇనుప గొట్టానికి అంటుకుపోతుంది. సుత్తితో కొట్టక తప్పకపోతే నట్టును బోల్టు చివరకు సమంగా ఎక్కించి కొట్టండి, మర పాడవదు.

చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అవి నేల విడిచాక దానితో లాభం లేదు. కారును గేరులో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు వేసి, బాడీ కింద స్టాండు పెట్టాలి. జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకూడదు.

ఇక మొదటి పొరపాటు. కారును లేపాక యాక్సిల్ (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) కిందికి జారకుండా ఆపేది ఆ షాక్ అబ్జార్బరే. దాని కింద రెండో జాకీ ఆనించకుండా బోల్టు లాగితే యాక్సిల్ దిగబడి బ్రేకు గొట్టం సాగుతుంది, స్ప్రింగు తన గూటిలోంచి తప్పుకుంటుంది. ఆ జాకీని కొద్దికొద్దిగా లేపుతుంటే ఒకచోట బోల్టు వేళ్లతోనే తిరుగుతుంది. అప్పుడు లాగండి.

పై నట్టు కొన్ని కార్లలో డిక్కీ లోపలి తొడుగు వెనక ఉంటుంది. నట్టుతోపాటు షాక్ కడ్డీ కూడా తిరుగుతుంది కాబట్టి కడ్డీ కొనను చిన్న పానాతో పట్టాలి. కొత్తదాన్ని బిగించేటప్పుడు మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయరుతో పట్టారంటే ఆ గీతే లోపలి నూనెను ఆపే ఆయిల్ సీలును కోసేస్తుంది. వాషర్లు, రబ్బర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పకముందే ఫోనులో ఫొటో తీసుకోండి. కొత్త షాక్ రెండు గొట్టాల (ట్విన్ ట్యూబ్) రకమైతే బిగించేముందు నిలువుగా పట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. లోపల గాలి మిగిలితే మొదటి గుంతలోనే టకటకమంటుంది.

రెండో పొరపాటు అనుభవమున్న చేతులూ చేస్తున్నాయి. చక్రం గాలిలో వేలాడుతుండగానే కింది బోల్టును పూర్తిగా బిగిస్తారు. బుష్ లోపలి గొట్టం ఆ కోణంలోనే బిగుసుకుంటుంది. కారు దిగాక రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడి ఉండి, త్వరలోనే కిర్రుమంటుంది, చీలుతుంది. జాకీ ఎత్తకముందే చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచుకు టేపుతో కొలిచి రాసుకోండి. యాక్సిల్‌ను మళ్లీ ఆ కొలతకు లేపాకే ఆఖరి బిగింపు ఇవ్వండి.

కంపెనీలకు మా విన్నపం ఒక్కటే. మోడల్‌ను బట్టి ఎన్ని న్యూటన్ మీటర్ల బలంతో, కారు ఏ ఎత్తులో ఉండగా బిగించాలో తెలుగులో అచ్చేసిన చీటీ ప్రతి షాక్ అబ్జార్బర్ పెట్టెలోనూ వేయాలి. అది వచ్చేదాకా విడిభాగాల దుకాణాల వారు కనీసం ఆ అంకెను బిల్లు మీద రాసివ్వాలి.

– ఒక మెకానిక్, విజయవాడ