పెదనాన్న కెమెరా, ఎండిపోయిన గ్రీజు

ఒరేయ్ బావా,

వారం నుంచి ఉలుకూ పలుకూ లేదని అలిగావని తెలుసు. అంతా పెదనాన్న పాత ఫిల్మ్ కెమెరా, పెంటాక్స్ కె1000 వల్లే.

మొన్న చార్మినార్ దగ్గర మిట్టమధ్యాహ్నం రోల్ మొత్తం కొట్టాను కదా, ప్రింట్లు చూస్తే సగం ఫోటోల్లో ఒక పక్క నల్లటి పట్టీ, మినార్ ఒకటి మాయం! ల్యాబ్ అబ్బాయి మీద ఎగిరి వచ్చాను. తీరా నేను రాసుకున్న కాగితం చూస్తే, పట్టీ పడినవన్నీ 1/1000 షట్టర్ స్పీడ్‌లో (అంటే సెకనులో వెయ్యో వంతు) తీసినవే, 1/125వి శుభ్రంగా ఉన్నాయి. నేను ఏ స్పీడ్‌లో తీశానో ల్యాబ్‌కెలా తెలుస్తుంది చెప్పు? ఆ అబ్బాయికి ఇంకా సారీ చెప్పలేదు.

లెన్స్ ఊడదీసి, వెనక తలుపు తెరిచి, కిటికీ వైపు పెట్టి నొక్కి చూశాను. 1/1000లో ఒక అంచున వెలుతురే రావట్లేదు. దీని షట్టర్‌లో రెండు గుడ్డ తెరలుంటాయి, 1/60 దాటితే ఫ్రేమ్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, మొదటి తెర ముందు పరిగెడితే రెండోది వెన్నంటే వస్తుంది, ఆ రెంటి మధ్య సన్నటి సందులోంచే ఫిల్మ్‌కి వెలుతురు తగులుతుంది. మొదటిది నీరసంగా కదిలిందనుకో, రెండోది దాన్ని అందుకుంటుంది, సందు మూసుకుపోతుంది. అంతే, పట్టీ.

ఒక సెకను స్పీడ్‌ని ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి లెక్కపెట్టాను (నవ్వకు). 240 రావాలి, 400 దాటాయి! అంటే లోపల పళ్ళచక్రాలు కూడా జిడ్డు పట్టి మొరాయిస్తున్నాయి. 1/1000ని మాత్రం ఇలా కొలవలేం, ఫోన్ ఒక్క ఫ్రేమ్ తీసేలోపే నాలుగు సార్లు అయిపోతుంది.

అమ్మ కుట్టు మిషన్ నూనె డబ్బా తెచ్చిచ్చింది. చుక్క వేసేవాడినే, ఎందుకో ఆగి కోఠీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. విప్పి చూసి, "ఎవరో ఇదివరకే నూనె పోశారు బాబూ" అన్నాడు. ఏళ్ళ కిందట రిపేరుకిచ్చిన షాపువాడి ఘనకార్యం అయ్యుంటుంది. తెర స్ప్రింగ్ ఇంకాస్త బిగించెయ్యొచ్చు కదా అంటే ఆయనకి కోపం వచ్చింది. మురికి అలాగే ఉంచి స్ప్రింగ్ బిగిస్తే నాలుగు రోజులు బాగానే ఆడుతుంది, తర్వాత మళ్ళీ మొదటికే, పైగా గుడ్డ మీద ఒత్తిడి. పాత గ్రీజంతా కడిగి, కావలసిన చోట మాత్రం పిసరంత కొత్తది పెట్టాడు.

ఇప్పుడు ఒక సెకనుకి 247 ఫ్రేములు. చాల్లే!

మీ బీరువాలో పడున్న మీ నాన్నగారి కెమెరా ఆదివారం పట్రా, ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు చూసుకుని అటే పెద్దాయన దగ్గరికి... అయ్యో, ఆదివారం ఆయన షాపు మూసేస్తాడు. శనివారం రా. నూనె మాత్రం ముట్టుకోకు.

నీ
బావ